పై వాటా స్లాబు మీద వేడి ఆపడానికి ఫోమ్ బోర్డులు: ఏ రకం, ఎంత మందం కొనాలి?

ప్రశ్న: గుణదల మేడ

అందరికీ నమస్కారం. విజయవాడ గుణదలలో 1998లో కట్టిన మా ఇంటికి ఈ ఏడాది మరమ్మతులు తలపెట్టాము. కింది వాటా పనులు ఇప్పటికే నడుస్తున్నాయి, వాటి గురించి అడగడం లేదు. నా సందేహమంతా పై వాటా కప్పు గురించే. అది సుమారు 1,200 చదరపు అడుగుల ఆర్‌సీసీ స్లాబు, మందం 5 అంగుళాలు. దాని మీద కట్టినప్పుడే ఇటుక ముక్కలు, సున్నం కలిపి వాటం పొర వేసి, పైన సిమెంటు పూత పూశారు. ఆ పూత అక్కడక్కడా వెంట్రుక మందంలో నెర్రెలిచ్చింది కానీ ఇంతవరకు గదుల్లోకి చెమ్మ దిగలేదు.

ఏప్రిల్ మొదలు రోహిణి కార్తె దాటేవరకు మధ్యాహ్నం కంటే సాయంత్రం ఏడింటికే ఆ గదుల్లో వేడి ఎక్కువగా ఉంటుంది. ఏసీ రాత్రి పదకొండు దాకా ఆగకుండా తిరుగుతుంది. పై వాటాలో ఉండే మా అత్తగారికి ఏసీ గాలి పడదు కాబట్టి, గదిలోకి వచ్చిన వేడిని యంత్రంతో బయటికి తోడటం కన్నా దాన్ని కప్పు మీదే ఆపడం మేలనిపించింది.

బోర్డుల కోసం విచారిస్తే మూడు రకాలు చూపించారు. ఒకటి తెల్లని థర్మాకోల్, రెండోది నున్నగా గట్టిగా ఉన్న నీలిరంగు ఎక్స్‌పీఎస్ (ఎక్స్‌ట్రూడెడ్ పాలిస్టైరీన్ ఫోమ్) బోర్డు, మూడోది రెండు వైపులా వెండి కాగితం అంటించిన పసుపుపచ్చ పఫ్ (పాలీయురెథేన్ ఫోమ్) షీటు. ఒకరు చదరపు అడుగుకు, ఇంకొకరు బోర్డుకు, మరొకరు ఘనపు మీటరుకు ధర చెప్పడంతో పోల్చి చూడటమే కష్టమైంది. వీటిలో మా కప్పుకు ఏది సరిపోతుంది, 25 మిల్లీమీటర్లు చాలా లేక 75 వరకు పోవాలా, స్లాబు పైన పరచాలా లేక గది లోపల సీలింగుకు బిగించాలా, పాత వాటం పొర తీసేయాలా అన్నవి నా సందేహాలు. అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరు.

సమాధానం: కాజీపేట సివిల్

నమస్కారమండీ. మీరు చెప్పిన సాయంత్రం ఏడు గంటల వేడి స్లాబు స్వభావం వల్ల వచ్చేదే. కాంక్రీటు పగలంతా ఎండను తాగి, కొన్ని గంటలు ఆలస్యంగా దాన్ని కింది గదిలోకి వదులుతుంది. అందుచేత బోర్డు ఎక్కడ ఉండాలన్న ప్రశ్నకు ముందు జవాబు చెప్పుకుంటే మిగతావి తేలికవుతాయి. స్లాబు పైన పరిస్తే ఎండ కాంక్రీటును చేరకముందే అడ్డుపడుతుంది, స్లాబు మొత్తం గది వైపు చల్లదనంలో ఉండిపోతుంది, పగటికీ రాత్రికీ మధ్య అది సాగి ముడుచుకోవడం తగ్గి నెర్రెలు కూడా తగ్గుతాయి. లోపల సీలింగుకు బిగిస్తే ఏసీ వేసిన వెంటనే గది చల్లబడుతుందన్నది నిజమే కానీ, స్లాబు మాత్రం పైన కాలుతూనే ఉంటుంది, గది ఎత్తు తగ్గుతుంది, ఫ్యాను కొక్కేల దగ్గర కోతలు పడతాయి, రేపు కప్పు కారితే ఆ నీరు ఎక్కడి నుంచి వస్తోందో కనిపించదు. పైగా ఈ ఫోమ్‌లు అంటుకుంటే దట్టమైన విషపు పొగ వదులుతాయి. లోపల వాడక తప్పదనుకుంటే వాటిని జిప్సం బోర్డుతో పూర్తిగా కప్పకుండా వదలకూడదు. కప్పు మీ సొంతమై, పైకి వెళ్లి పని చేసే వీలున్నప్పుడు పైన పరచడమే నా సలహా.

ఇక రకం. ఉష్ణవాహకత అంకె ఎంత తక్కువగా ఉంటే బోర్డు అంత బాగా వేడిని ఆపుతుంది. మంచి పఫ్ లేదా దాన్ని పోలిన పీఐఆర్ షీటుకు ఇది సుమారు 0.022 నుంచి 0.026 వరకు, ఎక్స్‌పీఎస్‌కు 0.029 నుంచి 0.034 వరకు, థర్మాకోల్‌కు 0.034 నుంచి 0.038 వరకు ఉంటుంది. అంకెలు మాత్రమే చూస్తే పఫ్ గెలుస్తుంది. అయితే పఫ్ షీటు అంచుల నుంచి చెమ్మ పీల్చుకుంటే ఆ మంచి అంకె నిలబడదు, దాని రంధ్రాల్లోని వాయువు ఏళ్ల తరబడి మెల్లగా బయటికి పోతూ ఉండటం వల్ల కూడా శక్తి కొంత తగ్గుతుంది. థర్మాకోల్ గుళికల మధ్య సందుల్లోకి నీరు చేరుతుంది. ఎక్స్‌పీఎస్‌లో రంధ్రాలన్నీ మూసుకుని ఉంటాయి కాబట్టి అది నీరు దాదాపు పీల్చదు, మనుషులు తిరిగే బరువునూ తట్టుకుంటుంది. వాటర్ ప్రూఫింగ్ పొర కిందా, బోర్డు దాని పైనా ఉండే పద్ధతికి, అంటే వాననీరు బోర్డును తాకే పద్ధతికి, నేను ఎక్స్‌పీఎస్ తప్ప మరొకటి సిఫారసు చేయను.

మందం విషయంలో ఒక లెక్క చెబుతాను. మీ కప్పు లాంటిదానికి ఉష్ణ ప్రసార విలువ, అంటే కప్పు గుండా వేడి ఎంత పోతుందో చెప్పే యూ విలువ, దాదాపు 3 ఉంటుందనుకుందాం. కేంద్ర ప్రభుత్వపు ఎకో నివాస్ సంహిత 2018 ఇళ్ల కప్పుకు పెట్టిన గరిష్ఠ పరిమితి 1.2. వాహకత 0.03 ఉన్న ఎక్స్‌పీఎస్ 25 మి.మీ. వేస్తే విలువ సుమారు 0.86కు, 50 వేస్తే 0.5కు, 75 వేస్తే 0.35కు దిగుతుంది. మొదటి అంగుళమే కప్పు గుండా వచ్చే వేడిని దాదాపు 70 శాతం తగ్గిస్తుంది, రెండో అంగుళం ఆ తగ్గింపును 83 శాతానికి చేరుస్తుంది, మూడోది 88కి. మూడో అంగుళానికి పెట్టే డబ్బు మీ పడమటి గోడకు నీడ కల్పించడానికి పెడితే ఎక్కువ ఫలితం ఉంటుంది. 50 మి.మీ. దగ్గర ఆగండి.

పాత వాటం పొరను తట్టి చూడండి. డొల్ల శబ్దం రాకుండా గట్టిగా ఉంటే తీయనవసరం లేదు. నెర్రెలు పూడ్చి, దాని మీదే వాటర్ ప్రూఫింగ్ చేసి, తూములు మూసి 48 గంటలు నీళ్లు నిలబెట్టి, కింద ఎక్కడా చెమ్మ రాలేదని తేలాకే బోర్డులు పరచాలి. ఈ పరీక్ష తప్పించుకోవాలని చూసే మేస్త్రీలు చాలామంది ఉంటారు. బోర్డులూ కాంక్రీటూ పడ్డాక కారే చోటు వెతకాలంటే మొత్తం పగలగొట్టుకోవాలి కాబట్టి ఆ రెండు రోజుల దగ్గర మొహమాటపడకండి.

సమాధానం: రాజమండ్రి మెటీరియల్స్

నేను ఈ సరుకు అమ్మే వ్యాపారంలో ఉన్నాను, కాబట్టి కొనుగోలు గురించి మాత్రమే చెబుతాను. పై సోదరుడు చెప్పిన పద్ధతితో నాకు పేచీ లేదు.

ముందు ధరలన్నీ ఒకే కొలతకు మార్చుకోండి. మన దగ్గర ఎక్స్‌పీఎస్ బోర్డు సాధారణంగా 1,250 మి.మీ. పొడవు, 600 మి.మీ. వెడల్పు ఉంటుంది, అంటే 0.75 చదరపు మీటరు, అంటే 8 చదరపు అడుగులకు కొంచెం పైన. మీ 1,200 చదరపు అడుగులకు 149 బోర్డులు పడతాయి, కోతలకు, విరుపులకు ఐదు శాతం కలుపుకుంటే 156 లేదా 157. ఘనపు మీటరు లెక్కలో ధర చెప్పినవారి దగ్గర 50 మి.మీ. బోర్డులైతే ఒక ఘనపు మీటరుకు 20 చదరపు మీటర్లు, అంటే 215 చదరపు అడుగులు వస్తాయి. ఈ మార్పిడి చేసుకోకుండా చదరపు అడుగు ధర వినగానే ఒప్పుకుంటే, 40 మి.మీ. సరుకు 50 పేరుతో ఇంటికి చేరినా తెలియదు. స్కేలు వెంట పెట్టుకుని వెళ్లండి.

రంగును చూసి నాణ్యత అంచనా వేయకండి. నీలం, గులాబీ, ఆకుపచ్చ అన్నవి తయారీదారు తన సరుకును గుర్తించుకోవడానికి కలిపే రంగులు మాత్రమే. చూడాల్సినవి సాంద్రత, ఒత్తిడిని తట్టుకునే శక్తి, ఉష్ణవాహకత. మనుషులు తిరిగే కప్పుకు ఒత్తిడి శక్తి 250 నుంచి 300 కిలోపాస్కల్స్ ఉన్న సరుకు తీసుకోవాలి. 300 అంటే చదరపు మీటరుకు సుమారు 30 టన్నులు. అయితే అది ప్రయోగశాలలో బోర్డు మందంలో పదో వంతు నొక్కుకుపోయేదాకా చూసే కొలత, కాబట్టి నిత్యం ఉండే బరువును అందులో మూడో వంతు లోపల ఉంచడం పద్ధతి. ఇంటి కప్పుకు అది కావలసినదానికంటే ఎక్కువే. నీళ్ల ట్యాంకు దిమ్మెలను మాత్రం బోర్డు మీద కాకుండా స్లాబు మీదే కట్టించండి.

సాంద్రత కనిపెట్టడానికి ఇంట్లో వంటగది కాటా చాలు. 50 మి.మీ. బోర్డు ఒకటి ఘనపు మీటరుకు 32 కిలోల సాంద్రత ఉన్నదైతే 1,200 గ్రాములు తూగాలి. వెయ్యి గ్రాముల దగ్గర ఆగితే మీకు చెప్పిన సరుకు, ఇచ్చిన సరుకు ఒకటి కాదని అర్థం. ఒక్క బోర్డు తూచి ఊరుకోకుండా వేర్వేరు కట్టల నుంచి మూడు నాలుగు తూచండి. ఉష్ణవాహకతను కాటాతో తేల్చలేము కాబట్టి ప్రయోగశాలలకు గుర్తింపునిచ్చే ఎన్‌ఏబీఎల్ సంస్థ గుర్తింపు ఉన్న ప్రయోగశాల ఇచ్చిన పరీక్షా పత్రం అడగండి, అందులో కొలిచిన ఉష్ణోగ్రత ఎంతో కూడా చదవండి. 10 డిగ్రీల సగటు దగ్గర కొలిస్తే అంకె అందంగా వస్తుంది, మన ఎండలకు బోర్డు అంతకంటే వేడిగా ఉండి కొంత ఎక్కువ వేడిని పోనిస్తుంది. రెండు కంపెనీలను పోల్చేటప్పుడు ఒకే ఉష్ణోగ్రత దగ్గరి అంకెలు పెట్టుకుని పోల్చాలి.

థర్మాకోల్ తీసుకునేవారు భారతీయ ప్రమాణం ఐఎస్ 4671 గుర్తు అడగాలి, పఫ్ అయితే ఐఎస్ 12436. గుంటూరు వైపు మిర్చి శీతల గిడ్డంగులు విప్పినప్పుడు వచ్చిన పాత పఫ్ షీట్లు ఎవరైనా చూపిస్తే, ధర ఎంత ఊరించినా ఇంటి కప్పుకు తీసుకోకండి. లోపల ఎంత చెమ్మ పట్టిందో పైకి తెలియదు.

అంచులు రెండు రకాలుగా వస్తాయి. ఒకటి నిలువుగా కోసినది, రెండోది ఒకదానిమీద ఒకటి ఎక్కేలా మెట్టు కోసినది. మెట్టు అంచు ఉన్నదానికి కొంత ఎక్కువ పెట్టినా పరవాలేదు, కీళ్ల గుండా వేడి జారదు. సరుకు తేలికే కానీ చోటు ఎక్కువ పడుతుంది, మీ మొత్తం ఐదున్నర ఘనపు మీటర్లు దాటుతుంది కాబట్టి చిన్న ట్రాలీ ఆటోకు ఒకటి కంటే ఎక్కువ ట్రిప్పులు లెక్కేసుకుని, రవాణా ఎవరి మీదో ముందే రాయించుకోండి.

సమాధానం: మియాపూర్ మూడో అంతస్తు

నాది కొంచెం వేరే అభిప్రాయం. ఇంత ఖర్చుకు ముందు తెల్ల పూత ఎందుకు ప్రయత్నించకూడదు? ఎండను ప్రతిబింబించే పూత వేస్తే కప్పు వేడి పుట్టినచోటే తగ్గుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో తెచ్చిన కూల్ రూఫ్ విధానం కూడా ఇలాంటి చల్లని కప్పులనే ప్రోత్సహిస్తోంది. 600 చదరపు గజాలు, అంతకు మించిన స్థలాల్లో కట్టే ఇళ్లకు దాన్ని తప్పనిసరి చేసింది. మా అపార్టుమెంటు కప్పుకు రెండేళ్ల కిందట తెల్ల పూత వేయించాము, పై అంతస్తులో తేడా స్పష్టంగా తెలిసింది. అయితే దుమ్ము, నాచు పట్టి తెలుపు తగ్గుతున్నకొద్దీ ఆ తేడా కూడా తగ్గుతోంది. ఏడాదికి ఒకసారైనా కడగకపోతే పూత వేసిన ఫలం దక్కదు.

ఇంకొక మాట. మీకు సౌర ఫలకాలు పెట్టుకునే ఆలోచన ఉంటే అది ఇప్పుడే తేల్చుకోండి. 2024లో మొదలైన పీఎం సూర్య ఘర్ పథకం కింద 3 కిలోవాట్ల వ్యవస్థకు 78,000 రూపాయల రాయితీ వస్తుంది. దానికి సుమారు 300 చదరపు అడుగుల చోటు కావాలి, ఆ మేరకు కప్పుకు నీడ ఉచితంగా దొరుకుతుంది. బోర్డులు, పైన కాంక్రీటు అయ్యాక ఫలకాల స్తంభాల కోసం డ్రిల్లు దించితే అడుగున ఉన్న వాటర్ ప్రూఫింగ్ చిల్లు పడుతుంది. స్తంభాల దిమ్మెలు ముందే స్లాబు మీద పోయించుకోవాలి.

సమాధానం: కాజీపేట సివిల్

మియాపూర్ గారు చెప్పిన రెండో మాట చాలా ముఖ్యమైనది, నేను మొదట రాయవలసింది. తెల్ల పూత విషయంలో మాత్రం అది బోర్డుకు బదులు అనుకోకుండా తోడు అనుకోవాలి. పూత ఎండను వెనక్కి పంపుతుంది, వడగాలి రోజుల్లో బయట గాలే 44 డిగ్రీలుండి కప్పును వేడెక్కిస్తే దాన్ని ఆపలేదు. బోర్డు రెంటినీ అడ్డుకుంటుంది. బడ్జెట్ బిగువుగా ఉన్నవారు ఈ ఏడాది పూతతో సరిపెట్టుకోవచ్చు, అందులో తప్పేమీ లేదు. ఎలాగూ మేస్త్రీలు ఇంట్లో ఉన్నారు, కప్పు నెర్రెలిచ్చింది, వాటర్ ప్రూఫింగ్ చేయించక తప్పదు అన్న స్థితిలో ఉన్న గుణదల వారి లెక్క వేరు.

ఏసీ వాడని గదికి ఒక జాగ్రత్త ఉంది. బోర్డు వేడిని లోపలికి రానివ్వనట్టే బయటికీ తేలికగా పోనివ్వదు. వంట వల్ల, మనుషుల వల్ల, పడమటి గోడ వల్ల గదిలో చేరిన వేడి రాత్రి కిటికీల గుండానే పోవాలి. మీ అత్తగారి గదికి ఎదురెదురు కిటికీలు లేకపోతే పైభాగంలో ఒక ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టించి, చీకటి పడ్డాక తిప్పండి. లేకపోతే కప్పు చల్లగా ఉండీ ఉక్కపోత పోలేదని మీరు నిరాశపడతారు.

సమాధానం: గుణదల మేడ

అందరికీ కృతజ్ఞతలు. సౌర ఫలకాల గురించి ఇంట్లో మాట్లాడి, దక్షిణం వైపు దిమ్మెలకు చోటు వదలాలని నిర్ణయించుకున్నాము. 50 మి.మీ. ఎక్స్‌పీఎస్ వైపే మొగ్గు చూపుతున్నాము. ఇక్కడొక చిక్కు వచ్చింది. మా మేస్త్రీ 50 మి.మీ. బోర్డుకు బదులు 25 మి.మీ.వి రెండు వరసలు, కీళ్లు ఒకదానిపై ఒకటి రాకుండా పరిస్తే మేలని అంటున్నారు. దుకాణంలో కూడా 25 మి.మీ. సరుకే ఎక్కువగా ఉంది. ఇది సరైనదేనా? బోర్డుల మీద ఎంత కాంక్రీటు పోయాలి, పాత స్లాబు ఆ బరువు మోస్తుందా అన్నవి కూడా చెప్పగలరు.

సమాధానం: కాజీపేట సివిల్

వాటర్ ప్రూఫింగ్ పొరే బోర్డు పైన ఉండే పద్ధతిలో అయితే మీ మేస్త్రీ మాట సరైనదే. కానీ మనం అనుకున్నది తిరగేసిన పద్ధతి, అంటే వాటర్ ప్రూఫింగ్ కిందా, బోర్డు పైనా ఉండేది, అందులో వాననీరు కీళ్ల గుండా దిగి తూము వైపు పారుతుంది. రెండు వరసల మధ్య పలుచని నీటి పొర నిలిచిపోతే, కింది నుంచి వచ్చే ఆవిరి దాన్ని దాటలేక కింది బోర్డులోకి చెమ్మ ఎక్కుతుంది. అందువల్ల ఒకే వరసగా 50 మి.మీ., మెట్టు అంచుతో, ఇటుకల పేర్పులా వరస మార్చి వరస కీలు తప్పించి పరచండి. 50 మి.మీ. సరుకు వచ్చేదాకా వారం ఆగవలసి వచ్చినా ఆగడమే మంచిది.

బోర్డు పరిచే ముందు వాటర్ ప్రూఫింగ్ పూర్తిగా ఆరాలి. ద్రావకం కలిసిన తారు ప్రైమరు పచ్చిగా ఉండగా పరిస్తే ఎక్స్‌పీఎస్ అడుగు కరిగిపోతుంది, పెట్రోలు, థిన్నరు తగిలినా అంతే. అంటించవలసిన చోట నీటి ఆధారితమైనదో, సిమెంటు ఆధారితమైనదో జిగురు వాడించండి. బోర్డుల మీద నీటిని వడగట్టి పోనిచ్చే జియోటెక్స్‌టైల్ గుడ్డ పరిచి, చికెన్ మెష్ (సన్నని తీగ వల) పెట్టి, సుమారు 50 మి.మీ. కాంక్రీటు పొరను మూడేసి మీటర్ల గడులుగా విడదీసి పోయాలి. పిట్టగోడ దగ్గర సందు వదిలి సాగే సీలెంటుతో నింపకపోతే, ఎండకు సాగిన ఆ పొర గోడను నెడుతుంది.

బరువంతా ఆ పొరదే. బోర్డు చదరపు మీటరుకు 1.6 కిలోలు మాత్రమే, కాంక్రీటు 50 మి.మీ. అంటే 120 కిలోలు, టైల్స్ వేస్తే ఇంకా పెరుగుతుంది. పాత వాటం పొర కూడా అలాగే ఉంటుంది కాబట్టి, 1998 నాటి స్లాబుకు ఇది తగునో కాదో మీ ఊళ్లో ఒక స్ట్రక్చరల్ ఇంజనీరును పిలిచి చూపించకుండా నేను ఇక్కడి నుంచి సరేననడం బాధ్యత అనిపించుకోదు. కడ్డీలు తుప్పు పట్టి సీలింగు పెచ్చులు ఊడుతున్న ఇల్లయితే ముందు ఆ మరమ్మతు చేయించాలి. బరువు తగ్గించవలసి వస్తే పాత పొర తీసేసి, స్లాబు మీదే పలుచగా వాటం సరిచేసి, ఆపైన ఈ పని చేయవచ్చు.

ఎత్తు కూడా కొలుచుకోండి. కప్పు మట్టం కనీసం నాలుగంగుళాలు లేస్తుంది. మెట్ల గది గడప అంతకంటే ఎత్తుగా లేకపోతే వాన నీరు మెట్ల మీదుగా దిగుతుంది, తూముల నోళ్లు పైకి తీయాలి, పిట్టగోడ ఎత్తు ఆ మేరకు తగ్గుతుంది కాబట్టి పిల్లలు తిరిగే మేడ అయితే పైన ఒక వరస కట్టించాలి. ఈ మూడూ ఎస్టిమేటులో లేకపోతే మధ్యలో ఖర్చు పెరుగుతుంది.

సమాధానం: రాజమండ్రి మెటీరియల్స్

నిల్వ గురించి ఒక్క మాట కలుపుతాను. బోర్డులు మేడ మీదికి ఎక్కించి వదిలేయకండి. ఎండ నేరుగా తగిలితే కొన్ని వారాల్లో పైపొర పసుపుబారి పొడి రాలుతుంది, వేసవి గాలిదుమారం వస్తే ఒక్కొక్కటీ పక్కింటి పెరట్లో తేలుతుంది. నల్ల టార్పాలిన్ కింద బోర్డులు విపరీతంగా వేడెక్కుతాయి, 75 డిగ్రీలు దాటితే ఎక్స్‌పీఎస్ ఆకారం కోల్పోతుంది, కాబట్టి లేతరంగు టార్పాలిన్ వాడి, కింద నీడలో పేర్చి, ఆ పూట పరిచి కాంక్రీటు పోయగలిగినన్ని మాత్రమే పైకి చేరవేయించండి. వెల్డింగు పనులు నడుస్తున్న చోటికి దూరంగా పెట్టించండి. సరుకు ఆర్డరు ఇచ్చేటప్పుడే కట్ట విప్పని బోర్డులు వెనక్కి తీసుకుంటారేమో అడిగి బిల్లు మీద రాయించుకుంటే, మిగిలినవి అటకెక్కకుండా ఉంటాయి.